నౌకాదళపు కొలువు – భర్తీ అధికారి మాట

కొలువు కోరువానికిని, కొలువు నిచ్చు ప్రభుత్వమునకును నడుమ నొక మనుష్యుడు నిలుచుట అన్ని దేశములందును చిరకాలముగా నున్న పద్ధతియే. అతడే భర్తీ అధికారి. వాడుకలో రిక్రూటింగ్ ఆఫీసరందుము. అతని మాట నమ్మి యువకుడు ఇల్లు విడిచి ఓడ నెక్కును. ఆ మాట నిజమైనచో దేశమునకు మంచి సేవకుడు లభించును. బొంకైనచో దాని ఫలము నా యువకుడే గాక ప్రభుత్వము కూడ అనుభవింపవలసి వచ్చును. మన నౌకాదళ చరిత్ర ఈ విషయమునకు చక్కని నిదర్శనము.

పూర్వము ఇంగ్లండులో నౌకాధికారి కాగోరు బాలుని ఓడ కెప్టెను తన పరిజనములో ఒకనిగా చేర్చుకొనుచుండెను. బంధుత్వమో, గొప్పవారి సిఫారసో లేనివానికి ఆ ద్వారము తెరచుకొనుట అరుదు. నౌకాశాఖకు కార్యదర్శిగా నుండిన శామ్యూల్ పెపీసు 1677లో లెఫ్టినెంటు పదవికి పరీక్ష నేర్పరచెను. సముద్రముపై కొన్ని సంవత్సరములు పనిచేసి, నౌకాయాన విద్య వచ్చునని పరీక్షకుల యెదుట నిరూపించుకొన్నవారే ఆ పదవికి అర్హులని నియమము. పెపీసు నావికుడు కాడు, కచేరీలో కాగితముల నడుమ కాలము గడపిన ఉద్యోగి. దళములో ప్రవేశించుటకు సిఫారసు లటుపిమ్మట చాలకాలము సాగినను, పదవికి యోగ్యత చూపవలెనను న్యాయము మాత్రము నాడే నాటుకొనెను. కచేరీ బల్లపై వ్రాయబడిన యొక నియమము ఎంతదూరము పోగలదో మనవంటి ఉద్యోగులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మన దేశము సంగతి. 1892 నుండి రాయల్ ఇండియన్ మెరీన్ అని పిలువబడిన దళములో అధికారులందరును ఆంగ్లేయులే. కోరంగి, మచిలీపట్టణము వంటి రేవుల నుండి తరతరములుగా ఓడలు నడపిన తెలుగువారికి గాని, తక్కిన భారతీయులకు గాని అధికారి స్థానము దక్కలేదు. 1928లో డి. ఎన్. ముఖర్జీ ఇంజనీరు శాఖలో ప్రవేశించి తొలి భారతీయ అధికారి యయ్యెను. అంతకు ముందటి యేడు, 1927లో, బొంబాయిలో 'డఫరిన్' అను శిక్షణ నౌక నెలకొల్పబడెను. అది వర్తక నౌకల కొరకు ఏర్పడినదే యైనను, అందలి విద్యార్థులలో కొందరు యుద్ధనౌకలకును పోయిరి. 1934లో దళమునకు రాయల్ ఇండియన్ నేవీ యను పేరు వచ్చెను. పోటీ పరీక్షలో నెగ్గిన కొలదిమంది భారతీయ యువకులను ఇంగ్లండునకు పంపి తరిఫీదు నిప్పించుచుండిరి.

అంతలో రెండవ ప్రపంచ యుద్ధము వచ్చెను. 1939లో ఎనిమిది యుద్ధనౌకలు మాత్రమే గల దళము యుద్ధాంతమునకు 117 నౌకలును, 30,000 మంది సిబ్బందియు గలదిగా పెరిగెను. ఇంత త్వరగా ఇంతమందిని చేర్చుకొనవలసి వచ్చినప్పుడు భర్తీ చేయువారి నాలుకకు కళ్ళెము లేకపోయెను. చదువుకొన్న కుర్రవాండ్రకు జీతము, పదోన్నతి, యుద్ధానంతర జీవనోపాధి మొదలగు వానిని గూర్చి తియ్యని మాటలు చెప్పబడెను. ఓడ నెక్కిన పిమ్మట వారికి లభించినది చాలీచాలని భోజనము, అధికారుల దుర్భాషలు, జాతి వివక్షము.

1946 ఫిబ్రవరి 18వ తేదీన బొంబాయిలోని 'తల్వార్' శిక్షణాలయమునందు నావికులు భోజనము మాని సమ్మె కట్టిరి. అది ఓడ నుండి ఓడకును, రేవు నుండి రేవునకును ప్రాకెను. కరాచీ, మద్రాసు, విశాఖపట్టణములకు కూడ వ్యాపించెను. సుమారు 20,000 మంది నావికులు అందులో పాల్గొనిరి. స్వాతంత్ర్యాభిలాష దానికి గొప్ప ప్రేరణమే. అయినను సర్ ఫజల్ అలీ అధ్యక్షతను జరిగిన విచారణలో వెల్లడియైన కారణములలో భర్తీ వేళ చేసిన అబద్ధపు వాగ్దానములు కూడ కలవు. సమ్మె చేసినవారు అధికారులు కారు, సామాన్య నావికులు. మోసపోయిన నావికునికి తన పై అధికారియందు విశ్వాసము నిలువదు గదా.

ఒక ప్రక్క ఈ తప్పు జరుగుచుండగనే మరియొక ప్రక్క మేలైన పద్ధతి పుట్టినది. కొలది నిమిషముల సంభాషణతో అధికారులను ఎన్నుట సరికాదని తలచి, 1943లో డెహ్రాడూనులో నూతన ఎన్నిక మండలిని స్థాపించిరి. నేటి సర్వీసెస్ సెలక్షన్ బోర్డులకు అదియే మూలము. అభ్యర్థిని మాటలాడించి చూచువాడొకడు, మనస్తత్త్వమును పరీక్షించువాడొకడు, పదిమందిలో కలిసి పనిచేయు తీరును గమనించువాడొకడు. ముగ్గురును వేరువేరుగా తూచి, తుదకు కలిసి నిర్ణయింతురు. ఒకని ఇష్టానిష్టములకు ఇందు తావు తక్కువ.

స్వాతంత్ర్యానంతరము 1949లో మూడు దళముల విద్యార్థులకు డెహ్రాడూనులో ఉమ్మడి శిక్షణ ఆరంభమయ్యెను. 1955 నాటికి అది ఖడక్‌వాస్లాకు చేరెను. 'డఫరిన్' తొలి జట్టు విద్యార్థియైన రామదాసు కటారి 1958 ఏప్రిల్ 22వ తేదీన భారత నౌకాదళమునకు తొలి భారతీయ అధిపతి యయ్యెను. 1968లో తూర్పు నౌకాదళ కమాండు విశాఖపట్టణమున ఏర్పడెను. 1992లో స్త్రీలకు అధికారి పదవులు లభించెను. 2022లో నేషనల్ డిఫెన్స్ అకాడమీ వారికిని ద్వారము తెరచెను.

మన యిండ్లలోని బాలబాలికలలో కొందరు ఈ పదవిని కోరుచుందురు. వారి తలిదండ్రులు గుర్తించవలసినది యిది. యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషను పరీక్ష ద్వారా గాని, నౌకాదళము స్వయముగా వెలువరించు ప్రకటన ద్వారా గాని తప్ప మధ్యవర్తి ద్వారా అధికారి పదవి రాదు. నాకు లోపలివారు తెలియుదురని సొమ్మడుగువాడు భర్తీ అధికారి కాడు, వంచకుడు. నిజమైన అధికారి యెదుట బిడ్డలు సిగ్గుపడక ప్రశ్నలడుగవలెను. ఎన్ని సంవత్సరములు సేవ చేయవలెను? ఏ శాఖ దొరకును? కంటిచూపు చాలకున్న నేమగును? జవాబులను ప్రచురిత నియమములతో సరిచూచుకొనవలెను. తమ వయస్సును, చదువును, ఆరోగ్యమును గూర్చి వారును నిజమే చెప్పవలెను.

సర్వీసు పుస్తకములో ఎక్కనిది సేవ కాదని మనము నిత్యము చూచుచున్నదే. అట్లే వ్రాతలో లేనిది వాగ్దానము కాదు. ఈ జాగ్రత్తను పిల్లలకు నేర్పి, ధైర్యముగా సముద్రము వైపు పంపుదము.