పెనుకొండ సీమలో ఆంగ్ల ఛందఃపరిచయం

పెనుకొండ సీమలో ఇంగ్లీషు పద్యం చదువు గురించి చెప్పాలంటే పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) బాల్యం నుంచే మొదలుపెట్టాలి. అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టి పెనుకొండలో పెరిగిన ఆయనకు, అక్కడి సబ్ కలెక్టరు భార్య పిట్ దొరసాని ఆంగ్ల సాహిత్యం బోధించారు. అంతకు సుమారు నూరేళ్ల ముందు ఈ బోధన ఎదురుదిశలో సాగింది. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్, తెలుగు, సంస్కృత ఛందస్సులను ఇంగ్లీషువారికి వివరిస్తూ 1827లో పుస్తకం వెలువరించారు.

ఇంగ్లీషు పద్యంలో తెలుగు చెవికి చిక్కుపెట్టేది నడక. మన గణాలు గురులఘువులతో, అంటే పలికే కాలంతో ఏర్పడతాయి. ఇంగ్లీషులో కొలత ఊనిక. థామస్ గ్రే 1751లో ప్రచురించిన శ్మశాన విలాపగీతాన్నే తీసుకుందాం. పాదానికి పది అక్షరాలు. ఒకటి తేల్చి, ఒకటి ఊది పలికే జతలు ఐదు. దీన్నే అయాంబిక్ పెంటామీటర్ అంటారు. నాలుగు పాదాల్లో ఒకటి మూడోదానితో, రెండు నాలుగోదానితో అంత్యప్రాస కలుపుతాయి. ప్రాస వెంటనే అందదు, ఒక పాదం దాటాక వస్తుంది. అందుకే చదువు నెమ్మదిస్తుంది. పొద్దుగూకే వేళ పల్లె సమాధుల నడుమ సాగే తలపోతకు ఆ నిదానం ఎంతో తగింది.

అంత్యప్రాస దొరలతో వచ్చిందనుకోవడం సరికాదు. మాత్రల లెక్కతో నడిచే తెలుగు రగడల్లో అది ఎప్పటినుంచో ఉంది. కన్నడ రగళె దానికి తోబుట్టువు. మడకశిర, అమరాపురం దాకా తెలుగు, కన్నడాలు కలిసి మెలిగే సీమ ఇది. ఇక్కడివారికి ఆ మాత్రల నడక పరాయిది కాదు.

1565 తల్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండ వెలిగి ఆరిన తీరును పుట్టపర్తి చిన్ననాటే ‘పెనుగొండ లక్ష్మి’గా రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షలో ఆయనకు అదే పాఠ్యగ్రంథమైంది. దిగులులో ఇది గ్రే గీతానికి దగ్గరే. అయితే గ్రే పేరులేని పల్లెజనం కోసం వగచారు, పుట్టపర్తి పోయిన రాజ్యవైభవం కోసం.

పుట్టపర్తి ‘శివతాండవం’ నాలుగు మాత్రల గణాలతో ఎత్తుకుని ఐదు మాత్రల నడకకు మళ్లుతుంది. అందులో ఆంగ్ల ఛందస్సు నీడ వెతకనక్కర్లేదు, అది పెనుకొండలో నాట్యం నేర్చిన మనిషి తాళజ్ఞానం. దొరసాని దగ్గర మొదలైన చదువు ఫలం మరోచోట ఉంది: ఆయన నేరుగా ఇంగ్లీషులో రాసిన కవితల సంపుటి ‘లీవ్స్ ఇన్ ద విండ్’.