గనుల్లో చిక్కుబడినవారు: గాలి కొరత, రక్షణ పద్ధతుల చరిత్ర

గని కప్పు కూలినా, నీరు ముంచెత్తినా, గ్యాస్ పేలినా బయటికి దారి మూసుకుపోతుంది. అలా లోపల మిగిలిపోయినవారికి ఆకలి, దాహం కంటే ముందు వచ్చే ప్రమాదం గాలి చెడిపోవడం. మామూలు గాలిలో ఆక్సిజన్ సుమారు 20.9 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం ఉంటాయి. కదలకుండా కూర్చున్న మనిషి నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ వాడుకుని, అంతకు కొంచెం తక్కువగా కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. ఈ లెక్కన ఒక ఘనమీటరు గాలి మూసిన చోట ఒక్కడు రెండున్నర గంటలు కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ 3 శాతానికి చేరుతుంది, ఆక్సిజన్ 17 శాతానికి తగ్గుతుంది. అప్పటికి ఆక్సిజన్ ఇంకా ప్రాణం నిలపడానికి చాలుతుంది. ఆయాసం, తలనొప్పి, మగత కలిగించేది పెరిగిన కార్బన్ డయాక్సైడే. అది 10 శాతం దగ్గరికి వస్తే మనిషి స్పృహ తప్పుతాడు. అందువల్ల ఎందరు చిక్కుకున్నారు, ఎంత ఖాళీ స్థలంలో చిక్కుకున్నారు, ఎంత మెదులుతున్నారు అన్న మూడింటి మీదే వారి ఆయుష్షు ఆధారపడుతుంది.

గనుల్లో దీనికి మరో రెండు వాయువులు తోడవుతాయి. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. పేలుడు తర్వాత, లేదా బొగ్గు మండుతున్నచోట, కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీనికి రంగూ వాసనా లేవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. ఆక్సిజన్ 16, 17 శాతానికి పడిపోతే దీపం ఆరిపోతుంది గానీ మనిషి బతికే ఉంటాడు. దీపం చక్కగా వెలుగుతున్న చోటనే కార్బన్ మోనాక్సైడ్ వల్ల మనిషి చనిపోవచ్చు. గనికార్మికులు తరతరాలుగా నమ్ముకున్న దీపం ఈ విషయంలో వారిని కాపాడలేకపోయింది.

గని గాలి గురించిన తొలి వివరమైన రచన జర్మన్ పండితుడు జార్జియస్ అగ్రికోలా లోహశాస్త్ర గ్రంథం. ఆయన మరణించిన మరుసటి ఏడాది, 1556లో అచ్చయింది. లోపలి చెడ్డగాలిని తోడేయడానికి వాడే తిత్తులు, పంకాల బొమ్మలు అందులో ఉన్నాయి. తర్వాతి రెండున్నర శతాబ్దాల్లో గనులు లోతెక్కాయి గానీ గాలి సంగతి పెద్దగా మారలేదు. 1812లో ఇంగ్లండ్‌లోని ఫెల్లింగ్ గనిలో పేలుడుకు 92 మంది బలయ్యాక 1815లో హంఫ్రీ డేవీ రక్షణ దీపాన్ని తయారుచేశాడు. పేలుళ్ల ముప్పును తగ్గించే దీపం అది. దారి మూసుకుపోయినవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

చిక్కుబడినవారి సమస్యను చట్టం దాకా తెచ్చింది హార్ట్‌లీ గని ప్రమాదం. ఇంగ్లండ్‌లోని నార్తంబర్లాండ్‌లో ఉన్న ఈ బొగ్గు గనికి దిగడానికీ, ఎక్కడానికీ, నీరు తోడడానికీ, గాలి ఆడడానికీ అంతటికీ ఒకటే నిలువు బావి. దాన్ని మధ్యలో చెక్కల గోడతో రెండుగా విభజించి, ఒక పక్క నుంచి మంచిగాలి దిగేలా, రెండో పక్క నుంచి చెడ్డగాలి ఎక్కేలా ఏర్పాటు చేశారు. 1862 జనవరి 16న నీరు తోడే యంత్రపు పోత ఇనుప దూలం విరిగి, అందులో సగం సూటిగా ఆ బావిలో పడింది. షిఫ్టు మారే వేళ అది. పైకి వస్తున్న పంజరంలోని కొందరు అక్కడికక్కడే చనిపోయారు. చెక్కల గోడ కుప్పకూలి బావిని మూసేసింది. శిథిలాలు తొలగించడానికి ఆరు రోజులు పట్టింది. తవ్వేవారే విషవాయువుతో సొమ్మసిల్లి వెనక్కి రావలసి వచ్చింది. లోపలికి చేరేసరికి అక్కడి పెద్దలు, బాలురు వరుసగా పక్కపక్కన పడి చనిపోయి ఉన్నారు. మొత్తం మృతులు 204 మంది. వారిలో అత్యధికులకు ఒంటిమీద దెబ్బ లేదు. అదే సంవత్సరం బ్రిటిష్ పార్లమెంటు ప్రతి బొగ్గు గనికీ రెండు వేర్వేరు దారులు ఉండాలని చట్టం చేసింది. గని భద్రత చరిత్రలో ఇంతకంటే మేలైన శాసనం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాతి పెద్ద అడుగు స్కాట్లాండులో పుట్టిన శరీరశాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్‌ది (1860–1936). 1896 జనవరిలో వేల్స్‌లోని టైలర్స్‌టౌన్ గనిలో పేలుడుకు 57 మంది చనిపోయినప్పుడు ఆయన మృతదేహాలను స్వయంగా పరీక్షించాడు. చర్మం మీది గులాబీ ఎరుపు రంగు చూసి, వారిలో ఎక్కువమందిని చంపింది పేలుడు దెబ్బ కాదనీ, తర్వాత వ్యాపించిన కార్బన్ మోనాక్సైడ్ అనీ తేల్చాడు. అంటే పేలుడు జరిగాక కూడా వారు కొంతసేపు బతికే ఉన్నారు, శ్వాస పరికరం ఉంటే నడిచి రాగలిగేవారు. అంతకుముందే ఆ వాయువును తానే పీల్చి, తన రక్తంలో అది ఎంత చేరిందో, ఏ దశలో కాళ్లు తడబడ్డాయో నమోదుచేసిన ధీరుడు ఆయన. చిన్న జీవులు మనిషి కంటే వేగంగా ఊపిరి తీస్తాయి కాబట్టి ముందుగా సొమ్మసిల్లుతాయని గమనించి, రక్షణ దళాలు చుంచెలుకలనో కానరీ పిట్టలనో వెంట తీసుకెళ్లాలని సూచించాడు. పిట్ట కొమ్మ మీది నుంచి జారిపడితే మనుషులు వెనక్కి తిరగడానికి వ్యవధి చిక్కేది. బ్రిటిష్ గనుల్లో ఈ పద్ధతి 1980ల వరకూ సాగింది.

హాల్డేన్ కుమారుడు జె.బి.ఎస్. హాల్డేన్ బాల్యంలోనే తండ్రితో గనుల్లోకి దిగాడు. ఒకచోట తండ్రి అతన్ని నిలబెట్టి షేక్స్‌పియర్ నాటకంలోని ఉపన్యాసం చదవమన్నాడు. కొన్ని పంక్తులకే పిల్లవాడు కుప్పకూలాడు, నేల మీద పడగానే తేరుకున్నాడు. మీథేన్ గాలి కంటే తేలిక కనుక కప్పు కింద చేరుతుందన్న పాఠం అతనికి అలా అబ్బింది. 1939 జూన్‌లో బ్రిటిష్ జలాంతర్గామి థెటిస్ మునిగి 99 మంది చనిపోయినప్పుడు, ఆ కుమారుడే సహచరులతో కలిసి మూసిన గదుల్లో కూర్చుని కార్బన్ డయాక్సైడ్ ప్రభావాన్ని తన మీద పరీక్షించుకున్నాడు. తర్వాత భారత పౌరుడై, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం భౌతికకాయాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు.

1906 మార్చి 10న ఉత్తర ఫ్రాన్సులోని కూరియేర్ గనుల్లో బొగ్గుపొడి పేలి 1,099 మంది మరణించారు. ఐరోపాలో ఇంత ఘోరమైన గని ప్రమాదం మరొకటి లేదు. జర్మనీలోని రూర్ ప్రాంతం నుంచి శ్వాస పరికరాలతో రక్షణ దళం వచ్చింది. అయినా, లోపల ఎవరూ బతికి ఉండరని కొద్ది రోజులకే అన్వేషణ ఆపేశారు. మార్చి 30న 13 మంది తమంతట తామే చీకటి సొరంగాల్లో దారి వెతుక్కుంటూ బయటికి వచ్చారు. చనిపోయిన గుర్రం మాంసం, గుర్రాల దాణా తిని బతికారు. ఏప్రిల్ 4న మరొకడు దొరికాడు. విశాలమైన గనిలో మంచిగాలి మిగిలిన మూలలు ఉంటాయన్న సత్యాన్ని ఈ 14 మంది నిరూపించారు. తొందరపడి అన్వేషణ ఆపడం మీద జనాగ్రహం పెద్ద సమ్మెగా మారింది.

పంతొమ్మిదో శతాబ్దం చివర హెన్రీ ఫ్లూస్ రూపొందించిన శ్వాస పరికరం, తర్వాత డ్రేగర్ సంస్థ పరికరాలు రక్షకులకు ఊపిరినిచ్చాయి. కార్మికుడి నడుముకు వేలాడే చిన్న ఆక్సిజన్ డబ్బా ఆ తర్వాతి మాట. అది సుమారు గంటసేపు పనిచేస్తుంది. 2006 జనవరిలో అమెరికాలోని సేగో గనిలో 13 మంది చిక్కుకుని 12 మంది కార్బన్ మోనాక్సైడ్‌కు బలయ్యారు. రక్షకులు చేరడానికి 40 గంటలకు పైగా పట్టగా, ఆ గంట డబ్బాలు ఏ మూలకు? ఆ ఏడాదే అమెరికా చట్టం మార్చి అదనపు ఆక్సిజన్ నిల్వలను తప్పనిసరి చేసింది.

పైనుంచి బోరు వేసి గాలి పంపడం, ఆ బోరులోంచే మనిషిని లాగడం రెండో ప్రపంచ యుద్ధానంతర కాలపు సాధన. 1955లో జర్మనీలోని డాల్‌బుష్ గనిలో సన్నని ఉక్కు గొట్టంలాంటి వాహకంతో ముగ్గురిని పైకి తెచ్చారు. 1963లో అదే దేశంలోని లెంగెడే ఇనుప గనిలో, ఆశ వదులుకున్నాక, పాత తవ్వకాల వైపు వేసిన బోరుకు లోపలి నుంచి జవాబు వచ్చింది. ప్రమాదం జరిగిన రెండు వారాలకు 11 మంది బయటపడ్డారు. 2002లో పెన్సిల్వేనియాలోని క్వీక్రీక్ గనిలో బోరు ద్వారా పంపిన ఒత్తిడి గాలి తొమ్మిది మందికి ఊపిరినిస్తూనే నీటిని దూరంగా నెట్టింది. 2010లో చిలీలోని సాన్ హోసే గనిలో 33 మంది 69 రోజులకు బయటికి వచ్చారు. అక్కడ గాలి బావిగుండా ఎక్కిపోవాలని వారు మొదట్లోనే ప్రయత్నించారు గానీ అందులో నిచ్చెనలు పూర్తిగా లేవు.

భారతదేశంలో ఈ పద్ధతికి ఆద్యుడు కోల్ ఇండియా ఇంజనీరు జస్వంత్ సింగ్ గిల్. 1989 నవంబరు 13న పశ్చిమ బెంగాల్ రాణిగంజ్‌లోని మహాబీర్ గనిని నీరు ముంచినప్పుడు ఆరుగురు మరణించగా, 65 మంది ఎత్తైన గ్యాలరీలో చిక్కుకున్నారు. ఆయన ఉక్కు క్యాప్సూల్ తయారుచేయించి, తానే ముందు దిగి, ఒక్కొక్కరినీ పైకి పంపి, అందరి తర్వాత పైకి వచ్చాడు. మన బొగ్గు గనుల్లో నీటి ప్రమాదాలది పెద్ద పద్దు. 1975లో చాస్నాలాలో 375 మంది, 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలో 17 మంది సింగరేణి కార్మికులు నీటికి బలయ్యారు. బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పనిచోట ఆక్సిజన్ 19 శాతానికి తగ్గరాదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతానికి మించరాదు.

ఈ ముప్పు గనులకే పరిమితం కాదు. 2018లో థాయిలాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో 12 మంది బాలురు, వారి శిక్షకుడు చిక్కుకున్నప్పుడు ఆక్సిజన్ 15 శాతానికి పడిపోయింది. నీటి అడుగున గాలి సిలిండర్లు అమర్చి వస్తూ మాజీ నావికుడు సమన్ కునాన్ ప్రాణం కోల్పోయాడు. 13 మందీ బయటపడ్డారు.

సొరంగాల్లోనూ ఇదే సమస్య ఎదురవుతుంది. 2023 నవంబరు 12న ఉత్తరాఖండ్‌లోని సిల్క్‌యారా రహదారి సొరంగం కూలి 41 మంది లోపలుండిపోయారు. వారి వెనక సుమారు రెండు కిలోమీటర్ల సొరంగం ఖాళీగా ఉంది, శిథిలాల్లోంచి ఒక గొట్టం బయటికి ఉంది. దాని ద్వారా ఆక్సిజన్, తిండి అందాయి. 17వ రోజున అందరూ బయటికి వచ్చారు. తెలంగాణలో దోమలపెంట వద్ద శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న కప్పు కూలినప్పుడు ఈ రెండు అనుకూలతలూ లేవు. సుమారు 14 కిలోమీటర్ల లోపల, నీరు, బురద ఒక్కసారిగా కమ్మేసి ఎనిమిది మంది గల్లంతయ్యారు. సైన్యం, జాతీయ విపత్తు దళాలతో పాటు సింగరేణి రక్షణ బృందాలు వారాల తరబడి తవ్వాయి. మార్చి 9న ఒకటి, 25న మరొకటి మృతదేహాలు దొరికాయి. పులుల అభయారణ్యం కింద సాగే ఆ సొరంగంలో ప్రమాదస్థలికి చేరడానికి వెనక ఉన్న ఒక్క దారి తప్ప మరో మార్గం లేదు.