డ్యూటీ కాదు, ల్యాబ్ రిపోర్టే అడ్డం: వరంగల్ మిర్చి, షత్రంజీ ఎగుమతిదారులకు సర్కారు సాయం ఎక్కడుంది?

వరంగల్: ఏనుమాముల మార్కెట్‌లో కొన్న ఎండుమిర్చి చూడటానికి ఎర్రగా, గలగలలాడుతూ బాగానే ఉండొచ్చు. కానీ విదేశీ ఓడరేవులో ల్యాబ్ రిపోర్టు తేడాగా వస్తే కంటైనర్ వెనక్కి రావాలి, లేదంటే సరుకును అక్కడే ధ్వంసం చేస్తారు. రానూపోనూ కిరాయి, గోదాము ఖర్చు, పోయిన బేరం అన్నీ ఎగుమతిదారు నెత్తినే పడతాయి. చిన్న వ్యాపారికి ఒక్క కంటైనర్ పోతే చాలు, పెట్టుబడి మొత్తం పోయినట్టే.

సుంకేతర అడ్డంకి అంటే ఏంటి?

దిగుమతి సుంకం కాకుండా సరుకును ఆపే నిబంధనలన్నీ ఇందులోకే వస్తాయి. పురుగుమందుల అవశేషాలు, రంగుల పరీక్ష, లేబుల్ భాష, ప్యాకింగ్, సర్టిఫికెట్లు వంటివి. వీటిలో చాలావరకు ప్రజల ఆరోగ్యం కోసం పెట్టినవే. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందాల ప్రకారం ఏ దేశమైనా ఇలాంటి నిబంధనలు పెట్టుకోవచ్చు. కానీ ఆహార భద్రత నిబంధనకు శాస్త్రీయ ఆధారం ఉండాలి, సొంత వ్యాపారులకు ఒక న్యాయం, బయటివాళ్లకు ఇంకో న్యాయం ఉండకూడదు.

మిర్చికి ఎక్కడ చిక్కు?

యూరోపియన్ యూనియన్‌లో ఎండుమిర్చికి అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఇది బూజు వల్ల పుట్టే విషం. పచ్చి ఆరకముందే కాయను కుప్పపోసినా, కల్లంలో నేల తేమ తగిలినా బూజు పడుతుంది. ప్రత్యేక పరిమితి లేని పురుగుమందుకు అక్కడ కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు.

2003లో భారత మిర్చి ఉత్పత్తుల్లో సుడాన్ అనే నిషేధిత రంగు బయటపడ్డాక యూరప్ అత్యవసర ఆంక్షలు పెట్టింది. అప్పటినుంచి స్పైసెస్ బోర్డు ఎగుమతికి ముందే పరీక్ష తప్పనిసరి చేసింది. 2024లో హాంకాంగ్, సింగపూర్ ఇథిలీన్ ఆక్సైడ్ కారణంగా కొన్ని మసాలాలను ఆపినప్పుడు కూడా ఆ రెండు చోట్లకు వెళ్లే సరుకుకు బోర్డు పరీక్ష పెట్టింది.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటా మిర్చి అని పిలిచే ఈ రకానికి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. గుర్తింపు పేరును కాపాడుతుంది, అంతేకానీ పరీక్షల నుంచి మినహాయింపు ఇవ్వదు.

షత్రంజీల సంగతి

1851 లండన్ మహా ప్రదర్శనలోనే వరంగల్ తివాచీలు కనిపించాయి. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొత్తవాడ మగ్గాలపై నేసిన సరుకు యూరప్ వెళ్లాలంటే కొన్ని అజో రంగుల నుంచి విడుదలయ్యే హానికర అమీన్లు కిలోకు 30 మిల్లీగ్రాములు మించకూడదు. అందుకే నూలుకు అద్దకం వేసేవాళ్ల దగ్గర రంగు డబ్బా లేబుల్, బిల్లు తీసి ఉంచుకోవాలి. బాల కార్మికులు లేరన్న రుజువు కూడా కొనుగోలుదారులు అడుగుతారు.

గల్ఫ్‌కు పంపేవాళ్లకు

ఆహార ప్యాకెట్లపై అరబిక్ లేబుల్ కావాలి. మాంసాన్ని హలాల్ పేరుతో గల్ఫ్ సహా కొన్ని దేశాలకు పంపాలంటే భారత నాణ్యతా మండలి పథకం కింద గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలని డీజీఎఫ్‌టీ నిబంధన పెట్టింది.

సాయం ఎవరి దగ్గర?

నిబంధనలు తెలుసుకోవడానికి: ఇండియన్ ట్రేడ్ పోర్టల్‌లో హెచ్ఎస్ కోడ్ కొడితే దేశాలవారీ వివరాలు వస్తాయి. పొడి చేయని ఎండుమిర్చి కోడ్ 090421. ఈపింగ్ అనే ఉచిత సేవలో పేరు నమోదు చేసుకుంటే కొత్త ముసాయిదాల సమాచారం మెయిల్‌కు వస్తుంది.

పరీక్షలకు: స్పైసెస్ బోర్డు నాణ్యతా ల్యాబ్ గుంటూరులో ఉంది. మసాలాలు ఎగుమతి చేసేవారు ముందుగా బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి.

ఖర్చుకు: కేంద్ర మంత్రివర్గం 2025 నవంబర్‌లో 25,060 కోట్ల రూపాయలతో ఎగుమతి ప్రోత్సాహక మిషన్‌ను ఆమోదించింది. ఇందులో 'నిర్యాత్ ప్రోత్సాహన్' అప్పుల వైపు, 'నిర్యాత్ దిశ' నాణ్యత, సర్టిఫికెట్లు, ప్యాకింగ్, ప్రదర్శనల వైపు చూస్తాయి. అర్హత, పరిమితి ఎంతో డీజీఎఫ్‌టీ నోటీసుల్లో సరిచూసుకున్నాకే ఖర్చు పెట్టడం మంచిది.

అభ్యంతరానికి: కొత్త నిబంధన ముసాయిదాపై సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆహార భద్రత అంశాలకు ఎఫ్ఎస్ఎస్ఏఐ, సాంకేతిక ప్రమాణాలకు బీఐఎస్ విచారణ కేంద్రాలు. ఎగుమతి మండలి ద్వారా రాస్తే వాణిజ్య శాఖ ఆ దేశం ముందు, అవసరమైతే జెనీవా కమిటీల్లో కూడా లేవనెత్తగలదు. ఉత్తరంలో షిప్‌మెంట్ తేదీ, ల్యాబ్ రిపోర్టు, తిరస్కరణ పత్రం, నష్టం లెక్క ఉండాలి. 'మా సరుకు ఆపేశారు' అని ఒక్క ముక్క రాస్తే పని జరగదు.

బీమా మీద భరోసా ఎంత?

ఈసీజీసీ పాలసీ కొనుగోలుదారు దివాలా తీసినా, ఆ దేశం దిగుమతిపై కొత్తగా ఆంక్ష పెట్టినా ఆదుకుంటుంది. కానీ సరుకు నాణ్యతపై వచ్చిన గొడవకు మామూలుగా పరిహారం రాదు. కాబట్టి పరీక్ష ఫీజు మిగుల్చుకుందామని చూస్తే కంటైనర్ మొత్తానికే ఎసరు వస్తుంది. అన్నిటికన్నా చవకైన జాగ్రత్త రైతు కల్లంలోనే ఉంది: టార్పాలిన్‌పై ఆరబెట్టడం, తాలుకాయ ఏరేయడం, కొట్టిన మందుల పేర్లు, తేదీలు రాసిపెట్టుకోవడం.