లక్ష్మణవజ్ఝల ఇంట్లో వండిందెవరు?

పాత హోటళ్ళ మీద తెలుగులో వచ్చే రాతలన్నీ దాదాపు ఒకే దారిలో నడుస్తాయి. తాతగారు చేతిలో చిల్లిగవ్వ లేకుండా ఊరికొచ్చారు, చిన్న పాక వేశారు. తండ్రిగారు దాన్ని డాబా చేశారు. మనవడు ఏసీ పెట్టించాడు. రుచి మాత్రం మారలేదు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఈ ముగ్గురూ గల్లాపెట్టె దగ్గర కూర్చున్నారు సరే, పొయ్యి దగ్గర ఎవరున్నారు?

ఇటలీలో ఇంటిల్లిపాదీ కలిసి నడిపే చిన్న భోజనశాలని ట్రాటోరియా అంటారు. ఇంటి వంట, అందుబాటు ధర, ఇంటివాళ్ళే వడ్డన. ఇప్పుడు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో పాస్తా తినడానికి వెళ్ళినా మెనూ కార్డు మీద 'నోన్నా' అన్న మాట తగులుతూ ఉంటుంది. నోన్నా అంటే అమ్మమ్మ, నాయనమ్మ కూడా. హోటల్ ఎవరి పేరు మీద ఉన్నా, రుచి ఆవిడదని ఒప్పుకునే మర్యాద అది. వ్యాపారం కోసమే కావచ్చు, ఒప్పుకోవడమైతే ఉంది. మన దగ్గర ఆ పాటి మర్యాద కూడా ఎందుకు లేదో తెలియాలంటే ఇటలీ దాకా పోనక్కర్లేదు. వినుకొండ వెళ్తే చాలు.

వినుకొండ ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉంది. 2022 దాకా గుంటూరు జిల్లా. ఆ ఊరి పేరుని ఇంటిపేరుగా మోసిన కవి వినుకొండ వల్లభరాయుడు. ఆయన పేరు మీద మనకి దక్కిన కావ్యం 'క్రీడాభిరామం'. ఇది శ్రీనాథుడిదేనని వాదించిన పండితులున్నారు, వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాళ్ళలో ముఖ్యులు. ఆ తగువులోకి ఇప్పుడు వెళ్ళొద్దు. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రాసిన 'ప్రేమాభిరామం' దీనికి మూలం. కథ పెద్దగా ఏమీ లేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అని ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. కోడిపందాలు, పాటగత్తెలు, అంగళ్ళు, గుళ్ళు, అన్నీ చూస్తారు. మధ్యలో ఆకలేస్తుంది కదా. అప్పుడొస్తుంది లక్ష్మణవజ్ఝల ఇల్లు.

అది పూటకూళ్ళ ఇల్లు. ఒక్క రూక ఇస్తే భోజనం. ఏం పెడతారో కవి ఒక్క పద్యంలో లెక్కపెట్టి చెప్పాడు: కప్పురభోగి బియ్యంతో అన్నం, గోధుమపిండి వంటకం, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, చివర్లో గడ్డపెరుగు. సురవరం ప్రతాపరెడ్డి గారు 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాసేటప్పుడు క్రీడాభిరామాన్ని అంతగా వాడుకున్నది ఇలాంటి వివరాల కోసమే. రాజుల శాసనాల్లో దొరకనివి ఇక్కడ దొరుకుతాయి.

ఈ జాబితాని ఇవాళ గుంటూరులో ఏ మెస్సులోనైనా పెట్టే మీల్స్ పక్కన పెట్టి చూడండి. వరస అదే. సన్నబియ్యం, పప్పు, నెయ్యి, నంజుకోడానికి నాలుగైదు, ఆఖర్న గడ్డపెరుగు. పెసరపప్పు స్థానంలో కందిపప్పు వచ్చింది. గోధుమ వంటకం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. లేనిదల్లా ఒకటే, మిరపకాయ. ఆ కావ్యం నాటికి మిరప ఈ గడ్డ మీదికి రాలేదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీదుగా 16వ శతాబ్దంలో మన దేశంలోకి దిగింది. కారానికి అప్పటిదాకా మిరియమే దిక్కు, కొత్త కాయకి పేరు కూడా ఆ మిరియం నుంచే అల్లారు. ఇటలీవాళ్ళ టమాటా కూడా అదే ఖండం నుంచి, అదే కాలంలో వచ్చింది. టమాటా సాస్ చేసే పద్ధతి అక్కడి వంట పుస్తకాల్లోకి ఎక్కింది 17వ శతాబ్దం చివర్లో. కాబట్టి 'మా అమ్మమ్మల నాటి నుంచీ' అని గుంటూరులో కారాన్ని చూపించి చెప్పినా, నేపుల్స్‌లో సాస్‌ని చూపించి చెప్పినా, అమ్మమ్మల వరస ఎంతో వెనక్కి పోదు. వెనక్కి పోయేది భోజనం వరస. అన్నం తర్వాత పప్పు, పప్పు మీద నెయ్యి, చివర్లో పెరుగు అనే ఆ క్రమం. దాన్ని ఇన్ని వందల ఏళ్ళు ఎవరో చేత్తో మోసుకొచ్చారు.

ఎవరు? పద్యంలో ఉన్న పేరు లక్ష్మణవజ్ఝలది. ఇంటి యజమాని. నెయ్యి కొత్తగా కాచిందని కవికి తెలుసు, కాచింది ఎవరో చెప్పలేదు. మగవాడే వండి ఉండొచ్చు, కాదనలేం. కానీ 'ఇంట' అన్న మాట ఉంది చూశారూ, అది అంగడి కాదు, సత్రం కాదు, ఇల్లు. మన ఇళ్ళలో పొయ్యి ఎవరి చేతిలో ఉంటూ వచ్చిందో ఎవరికీ చెప్పక్కర్లేదు.

పూటకూళ్ళు అన్న మాటలోనే వ్యాపారం తీరు ఉంది. ఒక పూటకి కూడు. 'కూడు'కి బహువచనం 'కూళ్ళు'. పారిస్‌లో 18వ శతాబ్దంలో రెస్టారెంట్ అనేది పుట్టినప్పుడు దాని కొత్తదనం ఏమిటంటే, వచ్చినవాడు తన బల్ల దగ్గర తను కూర్చుని, కార్డు చూసి, కావలసింది అడగడం. పూటకూళ్ళ ఇంట్లో అదేం కుదరదు. ఆ పూట వండిందే తినాలి, వేళకి రావాలి, నలుగురితో పాటు పంక్తిలో కూర్చోవాలి. తరవాత్తరవాత కూడు అన్న మాటకే విలువ పడిపోయింది. కూటికోసం కోటి విద్యలు అంటాం. 'కూడు తిన్నావా' అని మాత్రం ఎవర్నీ అడగం. అన్నం అయింది, భోజనం అయింది, చివరికి మీల్స్ అయింది. మాటతో పాటు ఆ పని చేసేవాళ్ళ గౌరవమూ జారింది.

ఎంత జారిందో గురజాడ చూపించాడు. 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది, ఇవాళ మనం చదివే రూపం 1909లో వచ్చింది. అందులో విజయనగరంలో పూటకూళ్ళ ఇల్లు నడిపే వితంతువు ఉంది. గిరీశం ఆమె అన్నం తిని, ఆమె డబ్బు తిని, ఆమెని తప్పించుకు తిరుగుతుంటాడు. ఆమె చీపురుకట్ట పట్టుకుని మధురవాణి ఇంటికి వచ్చే ఘట్టం దగ్గర నాటకం చూసేవాళ్ళు ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వు ఆగాక ఒకటి గమనించండి. ఆ నాటకంలో చాలామందికి పేర్లున్నాయి. ఈమె మాత్రం పూటకూళ్ళమ్మ. లక్ష్మణవజ్ఝల ఇంట్లో పేరు మగవాడికి దక్కింది. ఇక్కడ ఆ మగవాడు లేడు, వ్యాపారం పూర్తిగా ఆమెదే. అయినా పేరు దక్కలేదు, చెడ్డపేరు దక్కింది. తప్పు గురజాడదని అనను. ఆ కాలం ఆమెని ఎలా పిలిచిందో ఆయన అలాగే రాశాడు. చదువు లేకుండా, ఆస్తి లేకుండా, మళ్ళీ పెళ్ళి లేకుండా మిగిలిన అగ్రవర్ణ వితంతువుకి చేతిలో ఉన్న ఒకే విద్య వంట. ఆ విద్యని అమ్ముకుంటే లోకువ. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకి చదువు చెప్పించడానికి నడుం కట్టారంటే, వాళ్ళ కళ్ళ ముందు ఇలాంటి జీవితాలు ఎన్నో ఉండి ఉంటాయి.

ఇళ్ళలోంచి భోజనం హోటళ్ళకి ఎలా నడిచింది? గుంటూరు విషయంలో సమాధానం కష్టం కాదు. రైలు వచ్చింది. పత్తి, పొగాకు, తర్వాత మిర్చి అమ్ముకోడానికి చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు వచ్చారు. కోర్టు పనులున్నవాళ్ళు వచ్చారు. 1885లో మొదలైన ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీకి పిల్లలు వచ్చారు. ఊళ్ళో చుట్టాలు లేనివాడికి అన్నం పెట్టే చోటు కావాలి. మిర్చి యార్డుకి టిక్కీలు దింపి కాటా కోసం కాచుకునే రైతుకి ఇవాళ్టికీ కావాలి. అప్పుడు మద్రాసు రాష్ట్రమంతా ఉడుపి కుర్రాళ్ళు వంటకి, వడ్డనకి వలస వెళ్తున్నారు. అలా కప్పులు కడిగే పనితో మొదలైన కృష్ణారావు 1938లో మద్రాసు రాయపేటలో వుడ్‌లాండ్స్ పెట్టాడు. కాఫీ హోటల్ వచ్చాక పొయ్యి దగ్గర కూడా మగ మాస్టర్లే. ఊరి నడిబొడ్డున ఉన్న కూడలికి హోటల్ పేరే స్థిరపడేంతగా, గుంటూరువాళ్ళు శంకర్‌విలాస్ సెంటర్ అని రోజూ పలికేంతగా, హోటల్ ఊళ్ళో భాగమైపోయింది. ఆ పక్కన బ్రాడీపేట, అరండల్‌పేటలకి ఉన్నవి తెల్లదొరల పేర్లు. దొరల పేర్ల మధ్య ఒక హోటల్ పేరు నిలబడటం నాకు ఇష్టం.

కానీ ఆడవాళ్ళు వెళ్ళిపోలేదు. మెస్సుల్లో ఉండిపోయారు. నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నెల కార్డు కట్టి తిన్న మెస్సు ఒక సందులో రెండు గదుల ఇల్లు. బోర్డు మీద అంకుల్ పేరు, బిల్లు పుస్తకం మీద అంకుల్ పేరు. వంట ఆంటీది. అంకుల్ ఊరెళ్తే మాకు తెలిసేది కాదు, వాళ్ళబ్బాయి గల్లా దగ్గర కూర్చునేవాడు. ఆంటీకి జ్వరమొస్తే రెండు రోజులు తలుపు మూత. సాఫ్ట్‌వేర్‌లో దీనికి ఒక లెక్క ఉంది, బస్ ఫ్యాక్టర్ అంటారు. ఎంతమందిని బస్సు గుద్దేస్తే ప్రాజెక్టు ఆగిపోతుందో ఆ సంఖ్య. ఆ మెస్సుకి ఆ సంఖ్య ఒకటి. ఆ ఒక్కరి పేరూ ఏ కాగితం మీదా లేదు. 'కుటుంబం నడిపే హోటల్' అన్న తియ్యటి మాట వెనక ఉన్న లెక్క ఇది. జీతం లేని పని ఉంది కాబట్టే ధర అందుబాటులో ఉంటుంది, ధర అందుబాటులో ఉంది కాబట్టే హోటల్ నాలుగు తరాలు నిలుస్తుంది.

పొయ్యి గురించి అడిగినవాళ్ళం గుమ్మం గురించి కూడా అడగాలి. వినుకొండలోనే 1895లో గుర్రం జాషువా పుట్టాడు. రూకకి భోజనం గురించి రాసిన కవి పేరులో ఏ ఊరుందో, అదే ఊరు. లక్ష్మణవజ్ఝల అరుగు మీదికి జాషువా పూర్వీకులు ఎక్కగలిగేవారా అన్న సందేహం ఆ పద్యం చదువుతుంటే నాకు కలుగుతూనే ఉంటుంది. చేతిలో రూక ఉంటే చాలని పద్యం అంటుంది. రూక ఒక్కటే సరిపోని మనుషులు ఈ నేల మీద ఎంతమందో 'గబ్బిలం' చదివినవాళ్ళకి తెలుసు. ఆ కావ్యం వచ్చింది 1941లో. గుడిలోకి గబ్బిలం పోగలదు, మనిషి పోలేడు. హోటళ్ళలోనూ అదే కథ, 'బ్రాహ్మణ కాఫీ హోటల్' అన్న బోర్డు రుచికి హామీ ఇవ్వడంతో పాటు గుమ్మం ఎవరికి తెరుచుకోదో కూడా చెప్పేది. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలని, హోటళ్ళని, భోజనశాలలని పేరు పెట్టి మరీ చెప్పాల్సి వచ్చింది, కులం పేరుతో ఎవర్నీ ఆపకూడదని. ఇంత పెద్ద పుస్తకంలో ఇడ్లీ తినే చోటు ప్రస్తావన ఎందుకు అనిపిస్తే, టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి చూసిన మన పల్లెల పెద్దవాళ్ళని అడగండి. చట్టం వచ్చాక కూడా ఆ రెండో గ్లాసు చాలా ఏళ్ళు చూరుకి వేలాడింది.

ఇదంతా పాత హోటళ్ళ మీద ప్రేమ తగ్గించుకోమని చెప్పడానికి కాదు. నాకూ నెయ్యి కారం దోసె ఇష్టమే, గోంగూర మీద పచ్చి ఉల్లిపాయ ఇష్టమే. అడగాల్సినవి అడగడానికి వేళ మించిపోతోంది, అంతే. 1950ల్లో ఈ ఊళ్ళలో హోటల్ వంటింట్లో పప్పు రుబ్బినవాళ్ళు, మెస్సుల్లో తెల్లారగట్ల పొయ్యి రాజేసినవాళ్ళు, డబ్బులుండీ గుమ్మం బయట నిలబడి తాగినవాళ్ళు ఇవాళ ఎనభైలు దాటి ఉంటారు. వాళ్ళు చెప్పగలిగింది ఏ శాసనంలోనూ లేదు. మనలో పాత హోటల్ మీద రాయాలనుకునేవాళ్ళు గల్లాపెట్టె దగ్గర ఫోటో తీసుకున్నాక నాలుగడుగులు లోపలికి, నాలుగడుగులు బయటికి వెయ్యాలి. లోపల, ఈ కారప్పొడి పాళ్ళు ఎవరివి, వాళ్ళకి జీతం ఎంత అని అడగాలి. బయట, ఇక్కడ కూర్చుని తినడం మీకు ఎప్పటి నుంచి కుదిరింది అని అడగాలి. జవాబు చెప్పినవాళ్ళ పేరు, వాళ్ళకి అభ్యంతరం లేకపోతే, పూర్తిగా రాయాలి.

వల్లభరాయుడు అరటిపండుని కూడా వదిలిపెట్టకుండా రాశాడు. వండిన మనిషి ఒక్కరే తప్పిపోయారు. మన వంతు వచ్చినప్పుడు ఆ ఒక్క పేరూ కలపడం పెద్ద పనేం కాదు.