కెమెరా ఎవరిది, చూపు ఎవరిది

మన సంఘం ప్రత్యేక సంచికకు ఫొటోలు పంపమని వాట్సాప్ గ్రూపులో అడిగినప్పుడు పూతలపట్టు వైపు పిల్లల నుంచి వచ్చిన మొదటి జవాబు ఇది: "మేడం, మా దగ్గర మంచి కెమెరా లేదు." డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఇంకొంచెం ముందుకు పోయి, చిత్తూరు నుంచి పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ను ఒకరోజుకు మాట్లాడుకుందాం, తలా కొంత వేసుకుందాం అన్నాడు. మా హాస్టల్లో ఇంటర్ చదివే అమ్మాయి దానికి అడ్డం తిరిగింది. "ఆయనకు మా అవ్వ ఎవరో తెలీదు గదన్నా, ఏం దీస్తాడు?" అంది. ఆ వాదన రెండు రోజులు నడిచింది. చివరికి ఎవరిది రైటో చెప్పమని నన్నడిగారు.

బీఈడీలో సాంఘిక శాస్త్రం చదివినదాన్ని. ఏది అడిగినా చరిత్రలోకి పోవడం నా అలవాటు, పిల్లలకు తెలుసు. అయితే ఈ ప్రశ్నకు చరిత్రలోకి పోక తప్పదు. ఎందుకంటే మన గిరిజనుల మీద కెమెరా పెట్టినంతగా, మన చేతికి కెమెరా ఇవ్వనంతగా ఇంకెవరి విషయంలోనూ జరిగి ఉండదేమో.

మొదట్లో కెమెరా అంటే జేబులో పట్టే వస్తువు కాదు. గాజు పలకకు మందు పూసి, ఆ తడి ఆరకముందే ఫొటో తీసి, అక్కడే చీకటి డేరాలో కడగాలి. డేరా, పలకలు, మందు సీసాలు, మూడు కాళ్ల స్టాండు, ఇవన్నీ మోయడానికి కూలీలు కావాలి, బండ్లు కావాలి. అంటే అధికారమో డబ్బో ఉన్నవాళ్ల వెంటే కెమెరా ఊర్లోకి వచ్చేది. ఎదురుగా ఉన్న మనిషి కొన్ని క్షణాలు కదలకుండా నిలబడాలి. పాత ఫొటోల్లో మనవాళ్లు బిగుసుకుపోయి, కోపంగా ఉన్నట్టు కనబడతారే, అందులో సగం వాళ్ల స్వభావం కాదు, ఆ పెట్టె పెట్టిన షరతు. మిగతా సగం భయం.

1857 తిరుగుబాటు తర్వాత తెల్ల ప్రభుత్వానికి ఈ దేశంలో ఎవరెవరున్నారో లెక్క కావలసివచ్చింది. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు అచ్చు వేశారు. నాలుగు వందలకు పైగా ఫొటోలు. కులాలూ తెగలూ వరుసగా, మ్యూజియంలో సీసాల మాదిరి. 1871లో నేరస్థ జాతుల చట్టం వచ్చింది. 1911లో అది మన మద్రాసు రాష్ట్రానికి పాకింది. మన చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ 1911లోనే. యెరుకల వారిని, కొన్నిచోట్ల యానాదులను కూడా రిజిస్టర్లోకెక్కించి వేలిముద్రలు తీసుకున్నారు. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. మా నాయన వాళ్ల కాలానికి కూడా ఊర్లో దొంగతనం జరిగితే ముందు మన గుడిసెల వైపే చూసేవాళ్లంటే, ఆ రిజిస్టరు నీడ ఎంతకాలం ఉందో చూడండి.

ఆ కాలంలోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్‌గా ఎడ్గర్ థర్స్టన్ అనే ఆయన 1885 నుంచి 1908 వరకు పనిచేశాడు. కె. రంగాచారితో కలిసి 1909లో 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' ఏడు సంపుటాలు వెలువరించాడు. ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది, తప్పక చూడండి. ఏడో సంపుటంలో యానాదులు, నాలుగో దాంట్లో లంబాడీలు, మూడో దాంట్లో కొరవల పేరుతో యెరుకలవారు ఉంటారు. థర్స్టన్ దగ్గర ఆ కాలానికి మంచి కెమెరా ఉంది. దాంతోపాటు తల చుట్టుకొలత, ముక్కు వెడల్పు కొలిచే పనిముట్లు కూడా ఉన్నాయి. ఆయనే ముందుమాటలో ఒక సంగతి రాసుకున్నాడు. వయనాడులో పణియ ఆడవాళ్లను కొలవబోతే, తమలో బాగున్నవాళ్లను ఏరి, చంపి, లోపల గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో పెట్టబోతున్నాడని వాళ్లు భయపడ్డారట. ఆయన దాన్ని తమాషాగా రాశాడు. నేను మొదటిసారి చదివినప్పుడు నవ్వలేదు. ఆ ఆడవాళ్లకు కెమెరా అంటే ఏమిటో తెలియకపోవచ్చు, దాని వెనకున్న చూపు మాత్రం సరిగ్గానే తెలిసింది అనిపించింది.

ఆయనను తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన తీయకపోతే వందేళ్ల కిందటి మనవాళ్ల రూపాలు మనకు అసలు ఉండేవి కావు. కానీ ఆ ఫొటోల కింద చూడండి: కులం పేరు ఉంటుంది, మనిషి పేరు ఉండదు. ఆ ముఖాల్లో నా ముత్తవ్వ ఉందేమోనని వెతుకుతాను. ఉన్నా పోల్చుకునే దారి లేదు.

అట్లని మంచి సామాను ఉంటే ఫొటోలు చెడిపోతాయని కాదు. లాలా దీన్ దయాళ్‌ను తీసుకోండి. ఉత్తరాదిలో సర్ధనాలో పుట్టి, రూర్కీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఇందోర్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాడు. అంటే గీత, కొలత, భవనం తెలిసిన చేయి. ఆ తర్వాత కెమెరా పట్టాడు. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. 1892లో హైదరాబాదులో పరదా ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఆడవాళ్లే నడిపే స్టూడియో తెరిచాడు. తెల్లవాళ్ల దగ్గరున్న సామానే ఆయన దగ్గరా ఉంది. ఆయన తీసిన కోటలూ దర్బారులూ ఇప్పటికీ చూస్తూ ఉండిపోవచ్చు. చేయి తిరిగిన కన్నుకు మంచి యంత్రం తోడైతే ఎంత పని జరుగుతుందో ఆయన చూపించాడు. అయితే ఆ స్టూడియో మెట్లెక్కింది ఎక్కువగా నవాబులు, దొరలు, రాజులు. డబ్బు కట్టేవాడి ముందే గదా దుకాణం నిలబడేది.

1940లో నల్లమలలో చెంచుల దగ్గరికి ఇంకొక కెమెరా పోయింది. ఆస్ట్రియా దేశస్థుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. యుద్ధం వల్ల శత్రుదేశస్థుడిగా లెక్కలో పడి, నిజాం రాజ్యంలో ఉండిపోవలసివచ్చిన మనిషి. భార్య బెట్టీతో కలిసి చెంచుల మధ్య మకాం పెట్టి, 1943లో వాళ్ల మీద పుస్తకం వేశాడు. తర్వాత ఆదిలాబాద్ మార్లవాయిలో గోండుల దగ్గర ఉన్నాడు. ఆయన ఫొటోలు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిని థర్స్టన్ ఫొటోల పక్కన పెట్టి చూస్తే తేడా ఎవరికైనా తెలుస్తుంది. మనుషులు పనిలో ఉంటారు, నవ్వుతుంటారు, పిల్లల్ని ఎత్తుకుని ఉంటారు. ఈ నడుమ కెమెరా చిన్నదైంది, ఫిల్ము వేగం పెరిగింది, అది నిజమే. కానీ అంతకంటే ముఖ్యం, ఆయన వాళ్లతో నెలలకొద్దీ కూర్చున్నాడు. కూర్చున్నవాడి ముందు మనిషి బిగుసుకోడు.

మరి యంత్రానికి పాపం పుణ్యం లేదా అంటే, ఉంది. ఇది మీలో చాలామందికి తెలియదు. రంగుల ఫిల్ము వచ్చాక లాబుల్లో రంగు సరిచూసుకోవడానికి 'షిర్లీ కార్డు' అని ఒకటి వాడేవాళ్లు. దాని మీద ఉండేది తెల్ల ఆడమనిషి ఫొటో. ఆమె చర్మం సరిగ్గా వస్తే రంగు సరిపోయినట్టు. నల్లటి ముఖాలు మసి పూసినట్టు వచ్చినా ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోలేదు. చివరికి చాక్లెట్ కంపెనీలు, చెక్క సామాను కంపెనీలు తమ గోధుమ రంగులు సరిగా రావడం లేదని గోల పెడితే కొడక్ వాళ్లు ఫిల్ము మార్చే పనిలో పడ్డారట. చాక్లెట్ కోసం జరిగింది, మన కోసం కాదు! నా పెళ్లి ఆల్బంలో నా ముఖం ఎందుకు కనబడలేదో నాకు ముప్పై దాటాక తెలిసింది.

ఇప్పటి ఫోన్లు నయం. అయినా తెల్లగోడ ముందర నిలబెడితే మన ముఖం ఇంకా నల్లబడుతుంది. బ్యూటీ మోడ్ పెడితే పక్కింటి తెల్లమ్మాయి ముఖం వస్తుంది. బ్యూటీ మోడ్ తీసేయండి. మనిషిని గడప లోపల, ఎండ నేరుగా పడని చోట కూర్చోబెట్టండి. తెరమీద ముఖాన్ని వేలితో తాకండి, వెలుతురు గుర్తు వస్తుంది, దాన్ని కొంచెం పైకి జరపండి. ఎనిమిది వేల ఫోన్‌తో కూడా ఇది అవుతుంది. మా హాస్టల్లో చేసి చూశాం.

ఇక నా సంగతి కూడా ఒప్పుకోవాలి. వార్డెన్‌గా రోజూ పిల్లలు తింటున్న ఫొటో తీసి పైకి పంపడం నా పని. వరుసగా కూర్చోబెట్టి, నేను నిలబడి, పైనుంచి తీస్తాను. తలలు లెక్కకు రావాలి, పళ్లెంలో గుడ్డు కనబడాలి. ఒకసారి ఒక పత్రికతను వచ్చి అచ్చం అట్లాగే తీసుకుపోయాడు. అది అచ్చయ్యాక ఆరో తరగతి పాప పేపరంతా వెతికి, "మేడం, మా ముఖాలు లేవు, పళ్లేలే ఉండాయి" అంది. అతన్ని తిట్టుకున్నాను. రాత్రి నా ఫోన్ తెరిచి చూస్తే వందలకొద్దీ ఫొటోలు, అన్నీ అట్లాంటివే. థర్స్టన్ మద్రాసులోనే ఉన్నాడనుకున్నాను గానీ, నా ఫోన్లోనూ ఉన్నాడు.

ఆ రాత్రే నాకు జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్లు గుర్తొచ్చారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు వాళ్లు. చాలామంది బడి ముఖం చూడనివాళ్లు. 1990ల చివర్లో వీడియో కెమెరా నేర్చుకున్నారు. వరంగల్ పత్తి రైతుల వెంట తిరిగి బీటీ పత్తి నష్టాల మీద సినిమా తీశారు. అన్నిటికంటే నాకు నచ్చింది, షాట్లకు వాళ్లు సొంతంగా పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూస్తూ తీస్తే అది పటేల్ షాట్, అరుగు మీద నిలబడి పటేల్ చూసినట్టు. కిందినుంచి పైకి చూస్తే అది జీతగాడి చూపు. ఎదుటి మనిషి కళ్ల ఎత్తులోనే కెమెరా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ నేలమీద గుండ్రంగా కూర్చుంటారు గదా, అట్లా. ఏ ఫిల్ము స్కూల్లో చదివినా ఇంత సూటిగా ఎవరూ చెప్పి ఉండరు. మంచి కెమెరానా మంచి చూపా అని తమ్ముడూ అమ్మాయీ వాదులాడుకున్నారే, వాళ్లు మోకాళ్లు వంచి చూపించారు.

మరుసటి రోజు నుంచి నేనూ పిల్లల వరుసలో కింద కూర్చుని తీస్తున్నాను. తలలన్నీ ఒకే ఫొటోలో రావు, మూడు నాలుగు తీయాలి. పైవాళ్లు ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

డిగ్రీ తమ్ముడు చిత్తూరు ఫొటోగ్రాఫర్‌ను మాట్లాడనే మాట్లాడాడు. ఆయన వచ్చి మన వేడుక, డప్పులు, వేదిక తీశాడు. బాగున్నాయి, ఈ సంచికలో వేశాం. దూరంనుంచి ఆ లెన్సు పట్టినట్టు మన ఫోన్లు పట్టలేవు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇంటర్ అమ్మాయి ఆదివారం ఇంటికి పోయి, తెర పగిలిన ఫోన్‌తో వాళ్ల అవ్వను తీసుకొచ్చింది. మామిడి తోట కావలి గుడిసె ముందు, నేలమీద కూర్చుని, అవ్వ ఎండుపుల్లలు విరుస్తోంది. మధ్యలో ఏదో అడిగినట్టుంది, తలెత్తి సూటిగా మనవైపు చూస్తోంది. కొంచెం కదిలింది కూడా, చేయి మసగ్గా వచ్చింది.

కింద పేరు రాయమన్నాను. అమ్మాయి నసిగింది. రేషన్ కార్డులో ఒక పేరు ఉంది, అది ఎవరో రాయించిన పేరు, అవ్వను ఆ పేరుతో ఇంట్లో ఎవరూ పిలవరు. సొంత పేరు అమ్మాయికి తెలియదు, పుట్టినప్పటి నుంచి అవ్వా అనే పిలిచింది. నా ముందే ఫోన్ చేసి అడిగింది. అవతల అవ్వ చాలాసేపు నవ్వి, ఎందుకే అని నాలుగుసార్లు అడిగి, చివరికి చెప్పింది. ఆ పేరే ఫొటో కింద ఉంది.