గ్రహణం నుండి కొండబాటకు: చియాంగ్ మాయ్ విద్యార్థుల మధ్య మిషనెరీ జీవితం

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ పట్టణంలో ప్రొటెస్టెంట్ సువార్త పరిచర్య 1867లో మొదలైంది. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయం వెలసినది 1964లో. ఈ రెండింటి మధ్య సుమారు నూరేళ్ల ఎడం ఉన్నందున విద్యార్థుల మధ్య జరిగే పనిని మనం ఇటీవలి కాలపు ప్రత్యేక శాఖగా తలుస్తాము. అయితే ఆ పట్టణపు తొలి విశ్వాసులు ఎవరో చూచినప్పుడు ఈ అభిప్రాయం నిలువదు. చదువుకున్న యువకుని యెదుట మిషనెరీ గురువుగా నిలువవలెనా, అతిథిగా నిలువవలెనా అనే ప్రశ్న అక్కడ మొదటి సంవత్సరం నుండే ఉన్నది. ఈ వ్యాసం ఆ ప్రశ్నను వెంబడిస్తుంది.

శాలలో కాపురం

ప్రిన్స్‌టన్ సెమినరీలో చదివిన డానియేల్ మెక్‌గిల్వరీ 1858లో బ్యాంకాక్ చేరాడు. 1867 ఏప్రిల్‌లో, మూడు నెలల పడవ ప్రయాణం తరువాత, భార్య సోఫియాతోను పిల్లలతోను చియాంగ్ మాయ్‌లో దిగాడు. అప్పుడది సయాంకు కప్పం కట్టే రాజ్యం, పాలకుడు కావిలోరోట్. మిషనెరీ కుటుంబానికి దొరికిన మొదటి నివాసం బాటసారుల కోసం కట్టిన ఒక శాల. థాయి భాషలో కూడా దాని పేరు 'సాలా'యే. వచ్చి చూచేవారికి అడ్డు లేదు, అడిగేవారికి వేళ లేదు. మిషను బంగళాల చరిత్ర మనకు బాగా తెలుసు గనుక, ఈ పరిచర్య బంగళాలో గాక పరుల చావడిలో మొదలైందని గుర్తుంచుకోవడం మంచిది.

తొలి విశ్వాసి నాన్ ఇంతా. 'నాన్' అనేది భిక్షువుగా ఉండి తిరిగి గృహస్థుడైనవానికి ఉత్తరాదివారు పెట్టే గౌరవ నామం. బాల భిక్షువుగా మాత్రమే ఉండి వచ్చినవాడు 'నోయ్'. ఆ కాలంలో మగపిల్లలకు బడి, కళాశాల, గ్రంథాలయం అన్నీ బౌద్ధ విహారమే. కాబట్టి నాన్ ఇంతాను ఆనాటి పట్టభద్రుడు అనవచ్చును. లోకనిర్మాణం గూర్చి గ్రంథాలలో చదివినదానిపై ఆయన మెక్‌గిల్వరీతో వాదించేవాడు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వస్తుందని మిషనెరీ ముందుగా చెప్పాడు. చెప్పిన దినమే వచ్చింది. నాన్ ఇంతాకు పాత లోకవర్ణనపై నమ్మకం సడలింది. 1869 జనవరిలో ఆయన బాప్తిస్మం పొందాడు.

ఈ సంఘటనను విజ్ఞానం చేతిలో బౌద్ధం ఓడినట్లుగా చెప్పుకొనడం ఒక అలవాటు. చరిత్ర అంత సులువుగా లేదు. అదే గ్రహణాన్ని సయాం రాజు మాంగ్‌కుట్ స్వయంగా లెక్కకట్టాడు. రాజు కాకముందు ఇరవై ఏడేళ్లు భిక్షువుగా ఉండి సంఘ సంస్కరణకు పూనుకున్న ఆయన, దక్షిణాన వా కో అనే సముద్రతీరానికి పరివారంతోను విదేశీ అతిథులతోను వెళ్లి దానిని చూచాడు. అక్కడ సోకిన మలేరియాతో 1868 అక్టోబరు 1న మరణించాడు. అంటే ఒకే గ్రహణం ఉత్తరాన ఒక పండితుణ్ణి క్రీస్తు వైపు నడిపింది, దక్షిణాన ఒక రాజును తన మతంలో నిబ్బరంగానే ఉంచింది. గణితం మిషనెరీ సొత్తు కాదు. ఈ సంగతి నూరేళ్ల తరువాత విశ్వవిద్యాలయ ఆవరణలో బాగా తెలిసివచ్చింది.

నాన్ ఇంతా తరువాత వచ్చినవారిలో నాన్ చాయ్, నోయ్ సున్యా ఉన్నారు. పేర్లే చెబుతున్నాయి, వీరిద్దరూ విహారంలో చదివినవారు. 1869 సెప్టెంబరు 14న కావిలోరోట్ ఆజ్ఞ చేత వీరు చంపబడ్డారు. వెట్టికి సంబంధించిన తప్పు పైకి చూపిన సాకు. అసలు కారణం బాప్తిస్మమేనని మిషనెరీలు గ్రహించారు. మరుసటి సంవత్సరం కావిలోరోట్ మరణించాడు.

1878 శాసనం

సంక్షోభం రెండవసారి వచ్చింది పెండ్లి విషయంలో. ఇద్దరు క్రైస్తవులు వివాహం చేసుకోబోగా, ఇంటి దయ్యాలకు చెల్లవలసిన రుసుము కట్టాలని బంధువర్గం పట్టుబట్టింది. మెక్‌గిల్వరీ బ్యాంకాక్‌కు విన్నవించుకున్నాడు. ఫలితంగా 1878 అక్టోబరులో మతస్వేచ్ఛా శాసనం వెలువడింది. ఎవరైనా తమకు నచ్చిన మతాన్ని అవలంబించవచ్చునని, పాలకులే గాక బంధువులు కూడా ఆటంకపరచరాదని, క్రైస్తవులను దయ్యాల పూజకు బలవంతం చేయరాదని అందులోని సారాంశం. అదే 1878 జూలైలో ఒంగోలు వద్ద క్లౌ దొరగారి పరిచర్యలో ఒకే దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. రెండింటిని పక్కపక్కన పెడితే భేదం తెలుస్తుంది. మన వద్ద మాలమాదిగ కుటుంబాలు, పల్లెలు కలిసి కదిలాయి. చియాంగ్ మాయ్‌లో ఒక్కొక్కరు తమ కుటుంబం నుండి విడిపడి రావలసి వచ్చింది. నేటికీ అక్కడి విద్యార్థికి ఎదురయ్యే చిక్కు ఇదే.

తరువాతి డెబ్బై ఏళ్లు సంస్థల కాలం. 1887లో ఆరంభమైన బాలుర పాఠశాల 1906లో ప్రిన్స్ రాయల్స్ కళాశాల అయింది. బాలికల పాఠశాల దారా అకాడమీగా ఎదిగింది. ఆసుపత్రి, కుష్ఠురోగుల ఆశ్రమం, వేదాంత పాఠశాల వచ్చాయి. మిషనెరీ ఇప్పుడు ఆతిథ్యమిచ్చేవాడు. గంట ఆయనది, ఆరాధన వేళ ఆయనది. 1934లో థాయ్‌లాండ్ క్రీస్తు సంఘం ఏర్పడింది. 1957లో అమెరికన్ ప్రెస్బిటేరియన్ మిషను తన ప్రత్యేక ఉనికిని చాలించుకొని ఆ సంఘంలో కలిసిపోయింది.

కొండ క్రింద విశ్వవిద్యాలయం

ఏడేళ్లకు, 1964లో, డోయ్ సుతేప్ కొండ అడుగున చియాంగ్ మాయ్ విశ్వవిద్యాలయం తెరవబడింది. ఇది బ్యాంకాక్ వెలుపల వెలసిన తొలి ప్రాంతీయ విశ్వవిద్యాలయం; ప్రభుత్వానిది. ఇక్కడ మిషనెరీకి గంట లేదు, గది లేదు. మళ్లీ శాలలో కాపురమే. సంఘం తన సొంత పయాప్ కళాశాలను 1974లో ప్రారంభించింది. 1984లో అది విశ్వవిద్యాలయ హోదా పొందింది. ('పయాప్' మన 'వాయవ్య' శబ్దమే.) అక్కడ క్రైస్తవ విద్యార్థులకు, ముఖ్యంగా కొండల నుండి వచ్చే కరెన్ యువతకు, నీడ దొరికింది. కరెన్ల మధ్య పనిచేసినది మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాలకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనే. అయితే మైదానపు థాయి విద్యార్థి క్రైస్తవ్యాన్ని 'ఫరాంగ్' మతమనో, అనగా తెల్లవారి మతమనో, లేక కొండజాతుల మతమనో చూడడానికి ఇది కూడా కొంత కారణమైందని ఒప్పుకోవాలి.

ప్రభుత్వ ఆవరణలో మిషనెరీ జీవితం పైకి చాలా సామాన్యం. ముందు భాష. థాయిలో అయిదు స్వరాలు. 'ఖావ్' అనే ఒక్క ధ్వని స్వరాన్ని బట్టి అన్నం, తెలుపు, వార్త అవుతుంది. అన్నం అడగబోయి తెలుపును అడిగిన మిషనెరీని సరిదిద్దేది విద్యార్థే. ఆ విధంగా శిష్యుడు గురువవుతాడు, ఇది చెడ్డ ఆరంభం కాదు. తరువాత ఇంగ్లీషు సంభాషణ తరగతి, కలిసి భోజనం, హాస్టల్ గదిలో నలుగురైదుగురితో బైబిలు పఠనం. ఇంగ్లీషు నేర్పడం తలుపు తెరుస్తుంది, నిజమే. కాని తరగతికి వచ్చినవానికి ఉద్దేశం ముందే చెప్పకపోతే అది ఎర అవుతుంది. ఇచ్చకపు మాటకు విలువ ఎక్కువైన చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఎదుటివారిని నొప్పించకుండా తగ్గి ఉండే గుణాన్ని థాయివారు 'క్రెంగ్ చాయ్' అంటారు. ప్రార్థన చేద్దామా అంటే తల ఊపడం, కూటానికి వస్తావా అంటే అవుననడం చాలాసార్లు గౌరవమే గాని నిర్ణయం కాదు. ఆ తల ఊపులను లెక్కించి నివేదికలు పంపినచోట తరువాత నిరాశ కలగడం సహజం.

మాటల చిక్కు తెలుగు బోధకునికి వెంటనే అర్థమవుతుంది. పాపానికి వారి మాట 'బాప్', పుణ్యానికి 'బున్', కర్మకు 'కామ్', మతానికి 'సాసనా'. మిషనెరీ 'బాప్' అన్నప్పుడు విద్యార్థి దేవునికి విరోధమైన తిరుగుబాటును వినడు. పుణ్యంతో సరిచేయదగిన అప్పును వింటాడు. మన పల్లెల్లో ప్రసంగించేవారు ఇదే సమస్యను రోజూ ఎదుర్కొంటున్నారు.

బౌద్ధం తన మాటను తానే చెప్పుకొనగలదని 1967లో స్పష్టంగా కనబడింది. ప్రసిద్ధ భిక్షువు బుద్ధదాస, చియాంగ్ మాయ్‌లోని థాయ్‌లాండ్ వేదాంత కళాశాలలోనే, క్రైస్తవ్యం, బౌద్ధం అనే అంశంపై స్మారకోపన్యాసాలు ఇచ్చాడు. ఆయన వ్యాఖ్యానాన్ని మనం అంగీకరించనవసరం లేదు. కాని మూఢనమ్మకాలను విడిచి, తర్కానికి నిలిచే బౌద్ధాన్ని చదువుకున్నవారి ముందుంచిన వ్యక్తి ఆయన. అటువంటివాని మాట విన్న విద్యార్థి దగ్గర గ్రహణవాదం పనిచేయదు. అదే కళాశాలలో 1960 నుండి 1968 వరకు బోధించిన జపాను మిషనెరీ కొసుకే కొయామా ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో ఒకడు. రైతుల బురదమళ్లు, గేదెలు ఆయన వేదాంతానికి ఆరంభస్థానాలు. ఆ గేదె పేరుతోనే ఆయన గ్రంథం 1974లో వెలువడింది. ఆయన తెల్లవాడు కాడు, ఇది కూడా కొంత మేలు చేసి ఉండాలి.

1973 అక్టోబరు 14న విద్యార్థుల ఉద్యమం సైనిక ప్రభుత్వాన్ని దించింది. విద్యార్థులు పల్లెలకు వెళ్లి కౌలు, భూమి సమస్యలపై రైతులతో నిలిచారు. 1975 జూలైలో చియాంగ్ మాయ్ పక్కనున్న సారాఫీలో రైతు నాయకుడు ఇంతా శ్రీబున్‌రువాంగ్ హత్య చేయబడ్డాడు. 1976 అక్టోబరు 6న బ్యాంకాక్‌లోని థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఊచకోత జరిగింది. వేలమంది యువకులు అడవుల్లోని కమ్యూనిస్టులతో కలిశారు. అటువంటి తరానికి పరలోకం గూర్చి మాత్రమే చెప్పే మిషనెరీ అర్థం కాడు. వీసా మీద ఉన్న విదేశీయుడు ఎంత మాట్లాడగలడన్నది వేరే ప్రశ్న.

దేశజనాభాలో క్రైస్తవులు నూటికి ఒకరు మాత్రమే. బాప్తిస్మం కోరే యువకుని ముందుండేది సాధారణంగా సిద్ధాంతం కాదు, తల్లి. కుమారుడు ఇరవై ఏండ్ల ప్రాయంలో కొంతకాలం భిక్షువుగా ఉంటే ఆ పుణ్యం తల్లికి చెందుతుందని నమ్మకం. క్రైస్తవుడైన కుమారుడు ఆ పుణ్యాన్ని ఆమెకు ఎగగొట్టినట్లే. ఈ దుఃఖాన్ని విగ్రహారాధన అని ఒక్క మాటతో కొట్టివేసే మిషనెరీ ఆ ఇంటి గడప రెండవసారి తొక్కలేడు. నాలుగేళ్ల చదువు ముగిసి పట్టభద్రులు సంఘం లేని ఊళ్లకు తిరిగివెళతారు. అక్కడ వారికేమైనదో పట్టణ సంఘపు రిజిస్టరు చెప్పదు.

ఆ విశ్వవిద్యాలయంలో ప్రతి సంవత్సరం కొత్త విద్యార్థులు పెద్దల వెంట డోయ్ సుతేప్ కొండ మీది ధాతువు ఆలయానికి కాలినడకన వెళ్లే ఆచారం ఉన్నది. 1935లో భిక్షువు ఖ్రూబా సివిచాయ్ పిలుపుపై ప్రజలు స్వచ్ఛందంగా వేసిన బాట అది. పది కిలోమీటర్లకు పైగా ఎక్కుడు. పాటలు, నినాదాలు, అలసిన తోటివారిని మోయడం, చివర మెట్లెక్కి ధాతువుకు మ్రొక్కడం. ఇందులో ఎంత స్నేహం, ఎంత ఆరాధన? 1878 శాసనం బలవంతాన్ని నిషేధించింది. ఇక్కడ బలవంతం లేదు, తోటివారున్నారు అంతే. క్రైస్తవ విద్యార్థికి ముందున్న మార్గాలు మూడు: హాస్టల్‌లో ఉండిపోవడం, కొండ ఎక్కి మెట్ల వద్ద ఆగడం, పైకి వెళ్లి చేతులు జోడించకుండా నిలువడం. నయమాను రిమ్మోను గుడిని గూర్చి ఎలీషాను అడిగిన భాగాన్ని ఆ రాత్రి పఠనానికి తీసుకోవచ్చును. మిషనెరీ ఆ వాక్యం చదివించగలడు. మర్నాడు కొండ ఎక్కవలసినది ఆ పద్దెనిమిదేళ్ల విద్యార్థే.