విమోచన: ఒక మాట వెనుక చరిత్ర

క్రైస్తవంలోని త్యాగభావనను బాధను పూజించే బానిసనీతి అని కొట్టిపారేసే విమర్శకులున్నారు. కాలాతీతమైన ప్రేమతత్వమని చేతులెత్తి మొక్కేవారూ ఉన్నారు. ఆ భావన ఏ సమాజంలో పుట్టిందో ఇద్దరూ పట్టించుకోరు.

తెలుగు బైబిల్లో ‘విమోచన క్రయధనం’ అనే మాట ఉంది. దానికి మూలమైన గ్రీకు పదం ‘లూత్రోన్’. బానిసను గానీ యుద్ధఖైదీని గానీ విడిపించడానికి చెల్లించే సొమ్ముకు ఆ పేరు. శిలువ సైతం రోమన్ పాలకులు ముఖ్యంగా బానిసలకూ తిరుగుబాటుదారులకూ వేసిన శిక్షే. క్రీ.పూ. 71లో స్పార్టకస్ తిరుగుబాటును అణచాక కాపువా నుంచి రోము దాకా దారి పొడవునా 6,000 మందిని శిలువ వేశారు. అటువంటి చావు చచ్చిన ఒక మనిషి ప్రాణమే అందరి విడుదలకు వెల అనడంలో ఎంత సాహసం ఉందో గ్రహించాలి. అయితే ఆ మాట చెప్పిన చర్చి బానిసత్వాన్ని మాత్రం రద్దు చేయలేదు.

ఆ వెల ఎవరికి ముట్టింది? సైతానుకని 3వ శతాబ్దంలో ఒరిజెన్ అన్నాడు. 11వ శతాబ్దం చివర ఆన్సెల్మ్ దీన్ని తోసిపుచ్చాడు. పాపమంటే దేవుని గౌరవానికి కలిగిన లోటనీ, మనిషి తీర్చలేని ఆ బాకీని దేవుడే మనిషై తీర్చాడనీ వాదించాడు. ఇందులో భూస్వామ్య ప్రభువు పరువు మర్యాదల నీడ కనిపిస్తుంది. బానిస ఉండవలసిన చోట బాకీదారు నిలబడ్డాడు.

ఈ మాట మన నేలమీద మళ్లీ బానిసల దగ్గరికే చేరింది. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న నింద రాకూడదని కరువు పనులు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాత 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వెట్టి చేసిన మనిషికి విడుదల అంటే ఏమిటో ఆన్సెల్మ్ చెప్పనక్కరలేదు.

ఆ విడుదల పూర్తయిందా? మతం మారినా పేట మారలేదు. చర్చిలోకీ కులం వచ్చి కూర్చుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవులను షెడ్యూల్డు కులాల జాబితా బయటే ఉంచింది. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన జాషువానూ కులం వదల్లేదు. ‘క్రీస్తు చరిత్ర’ రాసిన చేతితోనే ఆయన ‘గబ్బిలం’ రాశాడు. ఈ రెండింటినీ విడదీసి చదివితే రెండూ సగమే అర్థమవుతాయి.

విమోచన అనే మాటను మన ఉద్యమ సాహిత్యమూ విరివిగా వాడింది. త్యాగాన్ని కీర్తించే ప్రతి రచనలోనూ వెల చెల్లించిందెవరో, విడుదలైందెవరో వెతకడం విమర్శకుడి పని.